మలేషియాలో హలాల్ ఉత్పత్తుల నియంత్రణ: సమాఖ్య, రాష్ట్రాల అధికార పరిధి

మతం రాష్ట్రాల చేతిలో, వాణిజ్యం కేంద్రం చేతిలో ఉన్న దేశంలో హలాల్ ముద్ర ఎవరి పరిధిలోకి వస్తుంది? ఈ ప్రశ్నకు మలేషియా చెప్పుకున్న జవాబును, అందులోని బలాన్నీ లోపాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజ్యాంగ నేపథ్యం

మలేషియా రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూలు శాసనాధికారాలను పంచింది. ఇస్లామిక్ చట్టం రాష్ట్ర జాబితాలో మొదటి అంశం. అయితే మతవిధులను ఉల్లంఘించినందుకు రాష్ట్రాలు శిక్షించగలిగేది ఇస్లాంను అవలంబించేవారినే. అదీ సమాఖ్య జాబితాలోని విషయాలను మినహాయించి. 2021లో ఇకి పుత్ర కేసులో ఫెడరల్ కోర్టు ఈ మినహాయింపు ఆధారంగానే సెలంగోర్ రాష్ట్ర షరియా నేరాల చట్టంలోని ఒక సెక్షన్‌ను కొట్టివేసింది. కంపెనీకి మతం ఉండదని 2025లో ఎస్‌ఐఎస్ ఫోరం (సిస్టర్స్ ఇన్ ఇస్లాం) కేసులో అదే కోర్టు మెజారిటీ తీర్పు తేల్చింది. హలాల్ సరుకు తయారీదారుల్లో కంపెనీలు, ముస్లిమేతర వ్యాపారులు ఎందరో ఉన్నారు. వారిని కట్టడి చేయడం రాష్ట్ర మతచట్టాల వల్ల అయ్యే పని కాదు.

వాణిజ్య చట్టం దారి

అందుకే సమాఖ్య వాణిజ్యాధికారాన్ని ఆశ్రయించింది. 1972 నాటి వాణిజ్య వివరణల చట్టం కింద 1975లో తొలి హలాల్ ఉత్తర్వులు వచ్చాయి. వాటి స్థానంలో 2011 వాణిజ్య వివరణల చట్టం, దాని కింద రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి హలాల్‌ను నిర్వచిస్తుంది, రెండోది ధ్రువీకరణ ముద్రను నియంత్రిస్తుంది. సమాఖ్య చట్టాల అవసరం మేరకు ఇస్లామిక్ చట్టాన్ని నిర్ధారించే అధికారం సమాఖ్య జాబితాలోనే ఉండడం ఈ నిర్వచనానికి ఊతం.

నిర్వచనం జంతువును వధించే పద్ధతి దగ్గర ఆగిపోలేదు. సరుకులో మతరీత్యా అపవిత్రమైన పదార్థం గానీ మత్తు గానీ ఉండకూడదు. అపవిత్రమైన పరికరాలతో తయారు చేయకూడదు. ప్యాకెట్ మీద హలాల్ అన్న మాట లేకపోయినా, ముస్లింలు తినవచ్చన్న భ్రమ కలిగించే సూచన ఏదైనా నేరమే. ధ్రువపత్రం తీసుకోవడం మాత్రం స్వచ్ఛందం.

లోపం ఎక్కడ?

ధ్రువీకరణాధికారం సమాఖ్య ఇస్లామిక్ అభివృద్ధి శాఖ జాకిమ్‌కూ, రాష్ట్రాల ఇస్లామిక్ మత మండళ్లకూ ఉంది. ప్రైవేటు ముద్రల గందరగోళం దీనితో తగ్గింది. కానీ ధ్రువపత్రం ఇచ్చేది ఈ మత సంస్థలు, చట్టం అమలు బాధ్యత ప్రధానంగా దేశీయ వాణిజ్య శాఖది. పరీక్షించేవారు ఒకరు, చర్య తీసుకునేవారు మరొకరు కావడంతో రెండింటి మధ్య సమన్వయమే అమలుకు ప్రాణం.

ముగింపు

మలేషియాకు భిన్నంగా, భారతదేశంలో హలాల్‌ను నిర్వచించే కేంద్ర చట్టం లేదు. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆహార భద్రతా చట్టం కింద హలాల్ ధ్రువీకృత ఆహార విక్రయాన్ని నిషేధించి, ఎగుమతులను మినహాయించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. మలేషియా అనుభవం దృష్ట్యా, నిర్వచనం, ధ్రువీకరణ, పర్యవేక్షణ ఎవరి బాధ్యతో ఇక్కడ పార్లమెంటు చట్టంలోనే స్పష్టం చేయాలి. కొనేవారి నమ్మకానికీ, అమ్మేవారి హక్కుకూ రక్షణ అదే.