పొదుపు సొమ్ము – పెట్టుబడి సొమ్ము

ధనము దాచుకొనుటకే యున్నదని కొందఱును, వ్యయపఱచుటకే యున్నదని కొందఱును దలతురు. రెండును సగము సత్యములు. కుటుంబమునకు ధనము రేపటి రక్ష; వర్తకునకు నేటి పనిముట్టు. కడవలో పాతిపెట్టిన నాణెము దొంగకు దక్కకున్నను లోకమున కక్కఱకు రాదు. గృహస్థుని పొదుపు వర్తకుని పెట్టుబడియై, కొంత లాభముతో మరల నింటికి వచ్చినప్పుడే ధనము తన పనిని నెఱవేర్చును. ఈ రాకపోకలకు నమ్మకమే మార్గము. ఆ నమ్మకము చెడినచో నేమగునో చెన్నపట్టణపు చరిత్రము తెలుపుచున్నది.

ఆర్బత్నాట్ కంపెనీ ఆ పట్టణమున తరములుగా ప్రసిద్ధిగన్న యాంగ్లేయ వర్తకశాల. ఉద్యోగులు, పింఛనుదారులు మొదలగు మధ్యతరగతివారు తమ పొదుపు సొమ్మును వడ్డీకై యందుంచిరి. ఆ సొమ్ము అపాయకరములైన వ్యాపారములలో జిక్కుకొనెను. 1906వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన కంపెనీ కూలిపోయెను. దాని యధిపతియగు సర్ జార్జి ఆర్బత్నాట్ న్యాయస్థానమున దోషిగా దేలి కారాగారమునకు బోయెను. శిక్ష యొక్కనికి బడెను. నష్టము వేలకొలది యిండ్లమీద బడెను.

వర్తకమున సాహసము దోషము గాదు. సాహసము లేనిదే నూతన పరిశ్రమ పుట్టదు. కాని నష్టమునకు సిద్ధపడి వాటా కొన్నవాని సొమ్ము వేఱు. అడిగిననాడు తిరిగి యియ్యవలసిన పొదుపు సొమ్ము వేఱు. మొదటిదానితో జేయదగిన సాహసమును రెండవదానితో జేయుటయే యనర్థమునకు మూలము.

ఆ దెబ్బ తిన్న జనులు మరల కడవలను వెదకికొనలేదు. వి. కృష్ణస్వామి అయ్యరు ప్రభృతుల పూనికచే 1907లో ఇండియన్ బ్యాంకు వెలసెను. తెలుగునాట డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున లక్షరూపాయల మూలధనముతో ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. అది 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. పేరు పోయెను గాని ఖాతాదారుల సొమ్ము పోలేదు. వ్యవస్థకును వ్యక్తి ప్రతిష్ఠకును గల భేద మిదియే.

కావున గృహస్థులును గృహిణులును వడ్డీ యెంతయని మాత్రమే యడుగరాదు. మా సొమ్ముతో మీరేమి చేయుచున్నారు, లెక్క నెవరు తనిఖీ చేయుదురు, కోరిననాడు తిరిగి వచ్చునా యని యడుగవలెను. పిల్లల చదువునకును వ్యాధులకును వలయు సొమ్మును వేఱుగా నుంచి, మిగిలినదానినే సాహసమునకు బెట్టవలెను. అధిక వడ్డీ చూపి ప్రశ్నలను సహింపని చోట పొదుపునకు స్థానము లేదు.