ప్రేగు పంపే సంకేతం, మెదడు వినే తీరు

తిమ్మాజిపేట వంటి మండల కేంద్రంలో ఏళ్ల తరబడి కడుపునొప్పితో, ఉబ్బరంతో, విరేచనాల తేడాలతో బాధపడేవారికి ఏదో ఒకనాడు ఎదురయ్యే మాట ఒకటుంది: "స్కానింగులో ఏమీ లేదు, అంతా మీ అనుమానమే." రోగి ఆ మాట నమ్మడు; అప్పుచేసి మరో పట్నానికి, మరో పరీక్షకు బయలుదేరతాడు. పాఠకులారా, అతడు నమ్మకపోవడం సబబేనని వైద్యచరిత్ర చెబుతున్నది.

మనస్సుకూ ప్రేగుకూ గల సంబంధం మన పూర్వులకు తెలిసినదే. చరకసంహిత అతిసారాన్ని ఆరు విధాలుగా విభజించి, వాటిలో రెండింటికి భయము, శోకము కారణాలని పేర్కొన్నది. 1962లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు చౌదరి, ట్రూలవ్ 130 మంది రోగులను పరిశీలించి, కొందరిలో ఈ బాధ జిగట విరేచనాల అనంతరం మొదలైనదని గుర్తించారు. నేడు దీనినే ఇరిటబుల్ బొవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐ.బి.ఎస్. అంటున్నాము.

1973లో బ్రిటన్‌లో జేమ్స్ రిచీ పెద్దప్రేగు చివరి భాగంలో చిన్న బెలూన్ ఉంచి, గాలి నింపి చూశాడు. 60 మిల్లీలీటర్ల వద్ద ఇతరులలో నూటికి ఆరుగురికే నొప్పి కలుగగా, ఈ రోగులలో 55 మందికి కలిగినది. ఒత్తిడి ఒకటే, అనుభవం వేరు.

ఈ తేడాకు ఆధారం 1965లోనే మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఉన్నది. వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం వంటిది ఉన్నదనీ, మెదడు దానిని బిగించగలదు, సడలించగలదనీ వారన్నారు. ప్రేగులోని సాధారణ కదలికల కబురును మెదడు మామూలుగా పట్టించుకోదు. ఐ.బి.ఎస్.లో ఆ వడపోత సడలుతుంది; చిన్న కదలికయే పెద్ద నొప్పిగా వినబడుతుంది. దిగులు, నిద్రలేమి దానిని మరింత పెంచుతాయి. 1997లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు పెట్ స్కాన్‌తో పరీక్షించగా, మలాశయపు నొప్పికి ఈ రోగుల మెదడు స్పందించే తీరు ఆరోగ్యవంతుల తీరుకు భిన్నంగా కనిపించింది. 2016లో రోమ్ ప్రమాణాలు ఇటువంటి వ్యాధులను ప్రేగు–మెదడుల పరస్పర చర్యలోని లోపాలుగా నిర్వచించాయి.

కనుక వైద్యుడు స్వల్ప మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తే, "నాకేమైనా పిచ్చా, ఈ మందెందుకు?" అని చీటీ పారవేయకండి. అది నొప్పి కబురును తగ్గించడానికి. 2023లో ఇంగ్లండ్‌లో జరిగిన పరీక్షలో దాని మేలు రుజువైనది. అయితే మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ ఉంటే ముందుగా పూర్తి పరీక్షలు తప్పనిసరి.

ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే "నాటకం" అనకండి. స్కానింగు ప్రేగు రూపాన్ని చూపగలదు, బాధను చూపలేదు.