ఎదురుగాలికి పలకే ఆధారం

డిచ్‌పల్లి: శ్రీరాంసాగర్, నిజాంసాగర్ వంటి జలాశయాల అంచుల్లో నీరు లోతుగా ఉండదు. అక్కడ తిరగడానికి అడుగు చదునుగా ఉన్న పడవే అనువైనది. అయితే దానికి తెరచాప కడితే గాలివాలున సాగుతుంది గాని, ఎదురుగాలి వీస్తే పక్కకు కొట్టుకుపోతుంది. బయలుదేరిన గట్టుకు తిరిగి చేరడం కష్టమవుతుంది.

కారణం: ఏ తెరచాప పడవైనా గాలికి నేరుగా ఎదురు పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ సాగాలి. గాలి పక్కకు నెట్టే బలాన్ని నీటిలో అడ్డుకునేది ఉంటేనే ఇది సాధ్యం.

మార్పులు: పడవ మధ్యలో నీటిలోకి నిలువుగా దిగే పలకను అమర్చాలి. అది దూరే గూడు పైఅంచు నీటిమట్టానికి బాగా ఎత్తున ఉండాలి. లేకుంటే నీరు లోనికి వస్తుంది. అడుగుకు రంధ్రం చేయకూడదనుకుంటే పలకను పడవ పక్కన బిగించవచ్చు. పలక మరీ ముందుంటే పడవ ముక్కు గాలివైపు తిరుగుతుంది, మరీ వెనకుంటే గాలికి దూరంగా మళ్లుతుంది. లోతు తగ్గినచోట పలకను పైకి లాగాలి.

నిదర్శనం: అమెరికాలో 1947లో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఆప్టిమిస్ట్ పడవ పొడవు సుమారు 2.3 మీటర్లే. అడుగు చదునే. మధ్య పలక ఊతంతోనే అది ఎదురుగాలిలో సాగుతుంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో బాలబాలికలు పోటీపడేది ఈ పడవలపైనే.

జాగ్రత్త: మార్చిన పడవను తొలుత గట్టు దగ్గరే, లైఫ్‌జాకెట్ ధరించి పరీక్షించాలి. తెడ్డు వెంట ఉండాలి.