కోతా, కిరణమా? తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్స కథ

దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం అనగానే మన అనంతపురం పల్లెల్లో మొదట స్ఫురించేది క్షయ. అది సహజమే. అయితే అవే లక్షణాల వెనుక ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా దాగి ఉండవచ్చు. దానిని తొలిదశలో గుర్తిస్తే శస్త్రచికిత్స, రేడియేషన్ అనే రెండు మార్గాలుంటాయి. వాటి చరిత్ర తెలిస్తే భయం తగ్గుతుంది.

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఇవార్ట్స్ గ్రాహం అనే శస్త్రవైద్యుడు క్యాన్సర్ సోకిన ఒక రోగి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించాడు. ఆ రోగి కూడా వైద్యుడే. ఆపై దాదాపు 30 ఏళ్లు జీవించాడు. కాలక్రమేణా గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే తీసే పద్ధతి స్థిరపడింది.

రేడియేషన్ మాత్రం చిరకాలం వెనుకబడే ఉంది. శ్వాసతోపాటు గడ్డ కదులుతుంది. దానికి చాలినంత మోతాదు ఇవ్వబోతే చుట్టూ ఉన్న మంచి కణజాలం దెబ్బతినేది. 1990లలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు రోగి కదలకుండా అమర్చి, అనేక దిక్కుల నుండి కిరణాలను గడ్డపైనే కేంద్రీకరించారు. ఇదే నేటి స్టీరియోటాక్టిక్ రేడియేషన్. సాధారణంగా మూడు నుండి ఐదు విడతలలో ముగుస్తుంది, కోత ఉండదు. 2010లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఆపరేషన్‌కు తట్టుకోలేని 55 మందికి ఈ చికిత్స చేయగా, మూడేళ్ల తర్వాత దాదాపు 98 శాతం మందిలో ఆ గడ్డ అదుపులోనే ఉంది. అయితే ఇతర జబ్బుల వల్లా, క్యాన్సర్ వేరేచోట తలెత్తడం వల్లా మూడేళ్లు జీవించినవారు 56 శాతమే.

మరి ఏది మేలు? రెండింటినీ నేరుగా పోల్చబూనిన రెండు పరీక్షలు, చాలినంత మంది రోగులు చేరక మధ్యలోనే ఆగిపోయాయి. 2015లో వాటిని కలిపి లెక్కించగా రేడియేషన్ ఫలితాలే మెరుగ్గా కనిపించాయి. కానీ అందులో ఉన్నవారు 58 మందే. తీర్పుకు అది చాలదు. కనుక గుండె, ఊపిరితిత్తులు బలంగా ఉన్నవారికి నేటికీ శస్త్రచికిత్సే ప్రథమ మార్గం; లింఫు గ్రంథులను కూడా తీసి పరీక్షించే వీలు దానిలో ఉంది. తట్టుకోలేనివారికి, కోత వద్దనుకునేవారికి రేడియేషన్ నమ్మదగిన మార్గం.

అయితే ఈ రెండూ వ్యాధి ముదరకముందే. ఎందరికో ఆయుష్షు పోసిన గ్రాహం, తాను సిగరెట్లకు అలవాటుపడి, 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే మరణించాడు. బయటపడేసరికి అది రెండువైపులా వ్యాపించింది. ఆయన విద్య ఆయనకే అక్కరకు రాలేదు.

ఆరోగ్యశ్రీ 2007లో తొలుత మొదలైన మూడు జిల్లాలలో మనదీ ఒకటి. ఖర్చుకు జంకి ఆలస్యం చేయకండి. తెమడలో క్షయ క్రిములు కనబడకపోయినా, మందులు వాడినా దగ్గు తగ్గకపోయినా, తెమడలో రక్తం పడినా సీటీ స్కాన్ అవసరమేమోనని మీ వైద్యుని అడగండి. బీడీ, సిగరెట్ తాగేవారైతే నేడే మానండి.