ఇల్లు తడిపే కుక్కను తిట్టే ముందు

ఆరేళ్లుగా ఇల్లు పాడుచేయని మా రాణి, పోయిన వానాకాలంలో హాల్లో మూత్రం పోయడం మొదలుపెట్టింది. యాంగోన్‌లో లమ్మడాలో మాది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. వానకు బద్ధకించిందనుకుని వారం రోజులు తిట్టాను. తీరా పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్! పాపం, ఆపుకోలేకపోయింది.

అందుకే ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఇన్ఫెక్షన్, రాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బు, ముసలితనం కూడా కారణం కావచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతున్నా, రక్తం కనిపించినా ఆలస్యం వద్దు. ముక్కుతున్నా మూత్రం రాకపోతే వెంటనే తీసుకెళ్లాలి. ఇల్లు తడుపుతోందని నీళ్లు మాత్రం ఆపకండి.

జబ్బు తగ్గినా మా రాణికి అలవాటు మిగిలింది. పాత వాసన కుక్కను మళ్లీ అక్కడికే లాగుతుంది. ఎంజైమ్ ఉన్న క్లీనర్ ఆ వాసనను విరగ్గొడుతుంది. అమ్మోనియా క్లీనర్‌ది మూత్రం లాంటి వాసనే. బ్లీచ్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే హానికరమైన వాయువు పుడుతుంది. రెండూ వద్దు.

తర్వాత చిన్నపిల్లకు నేర్పినట్టే నేర్పాలి. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక, పడుకునే ముందు ఒకే చోటికి తీసుకెళ్లండి. పని కాగానే, అక్కడే మెచ్చుకుని తినడానికి ఏదైనా పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే దానికి అర్థం కాదు. కుండపోత వానల్లో మేం బాల్కనీలో ట్రే పెట్టాం.

మూడు వారాలకు హాలు పొడిగా ఉంది. తిట్టినప్పుడు మాత్రం అది సోఫా వెనక చాటుగా పోయడం నేర్చుకుంది, అంతే.