పాట చెడగొట్టిన పిల్లలు

పాటలు విని పిల్లలు చెడిపోతున్నారన్న బెంగ మన ఇళ్ళల్లో తరానికోసారి కొత్తగా పుడుతుంటుంది. పాప్ అనే మాట కొత్తదే గాని బెంగ మాత్రం మన అమ్మమ్మల నాటిది.

1952లో సమాచార ప్రసార మంత్రి అయిన కేస్కర్ గారికి సినిమా పాటంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతం పెరిగింది, సినిమా పాటకు చోటు కరువైంది. జనం ఊరుకుంటారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ 'బినాకా గీత్ మాలా' మొదలైంది. అమీన్ సయానీ పలకరింపులో అక్కచెల్లెళ్ళు ముందు, అన్నదమ్ములు తర్వాత! ఆడవాళ్ళకు ఆయనంటే అభిమానం ఉండదూ మరి? తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండనే ఉంది. చివరికి సర్కారే దిగివచ్చి 1957లో వివిధ భారతి పెట్టింది. అప్పటికీ మంత్రి కేస్కర్ గారే!

1985లో 'దొంగ' సినిమా వచ్చింది. అందులో 'గోలీమార్' పాటకు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియోనే మూలం. మా సిద్దిపేటలో మైకేల్ జాక్సన్ ఎవరో ఎందరికి తెలుసు గనక! చిరంజీవి చేశాడు, చాలు. మా పెద్దన్న సినిమా చూసొచ్చి, చీకటి పడ్డాక వాకిట్లో మెడ వాల్చి, చేతులు వంకర్లు తిప్పుతూ మొదలుపెట్టాడు. నానమ్మ గుండె జారింది. "అయ్యో, పోరగానికి గాలి సోకిందే!" అంటూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు అందరం దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాం.

అన్న చెడిపోలేదు. ఉద్యోగం చేశాడు, బట్టతల వచ్చింది, నిరుడు బతుకమ్మనాడు డీజే వాళ్ళతో కొట్లాడాడు కూడా. "గోలీమార్ మర్చిపోయినవా అన్నా?" అంటే నా మీద కోపం.

అయితే ఈసారి మటుకు నా మనసూ కొంత అన్న వైపే. కేస్కర్ గారిలా ఇది మంచిది, అది చెడ్డదని నేననను. ఏటేటా వచ్చే కొత్త బతుకమ్మ పాటల వీడియోలు చూసే మా మేనకోడళ్ళు పట్టుచీర కట్టి చెరువుగట్టుకు వస్తున్నారు. లేకుంటే ఫోన్లు వదిలేవారా? కాని సినిమా పాటను ఎవరో పాడితే మనం వింటాం. బతుకమ్మ పాట అట్లా కాదు. ఒకావిడ ఎత్తుకోవాలి, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకోవాలి. అత్తింటి బాధ, పుట్టింటి మీద గాలి ఎవరికి వాళ్ళు అందులో కలుపుకునేవారు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ వెనకబడితే పాట కూడా నెమ్మదించేది. డీజేకు ఎవరి మోకాళ్ళ సంగతీ పట్టదు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఎంత సంబరపడ్డామో! నిరుడు మాత్రం కోమటిచెరువు దగ్గర ఉన్నట్టుండి డీజే జనరేటరు ఆగిపోయింది. చేతులు గాలిలోనే నిలిచాయి. పక్కింటి పెద్దమ్మ సన్నని గొంతుతో ఎత్తుకుంది. పిల్లలు గబగబా చప్పట్లు కలిపి 'ఉయ్యాలో' అందుకున్నారు. ఆ ఒక్క మాటే వాళ్ళకు వచ్చు. రెండు చరణాలయ్యాక పెద్దమ్మకు ఆయాసం వచ్చి ఆగింది.

మేనకోడలు నావైపు తిరిగింది. "అత్తా, తర్వాతేంది?"

నాకూ గుర్తుకు రాలేదు.