పిలవని అతిథి

1930 జనవరి. హేగ్ నగరంలో అర్ధరాత్రి దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి అన్న బేరం ఇంకా తెగలేదు. ఫ్రెంచి మంత్రులు, జర్మన్ మంత్రులు ఒకే గదిలో కూలబడి ఉన్నారు. కొందరికి కళ్లు మూతలు పడ్డాయి. కుర్చీల్లో ఒళ్లు సడలిపోయింది. పగలంతా తమ తమ దేశాల పరువు మోసినవాళ్లు ఆ వేళకి అలసిపోయిన ముసలివాళ్లలా మిగిలారు. అదే గదిలో ఒక మనిషి మాత్రం మెలకువగా ఉన్నాడు. ఆయన ఏ దేశం తరఫునా రాలేదు, ఏ పత్రికా ఆయనకు నెలజీతం ఇవ్వడం లేదు. పేరు డాక్టర్ ఎరిక్ సాలోమన్.

ఆ రాత్రి ఆయన తీసిన ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. అది మంత్రుల్ని వెక్కిరించే బొమ్మ అని కొందరంటారు. నాకలా అనిపించదు. పదేళ్ల కిందట ఒకరి పిల్లల్ని ఒకరు చంపుకున్న రెండు దేశాలవాళ్లు, ఒకరి ఎదుట ఒకరు భయం లేకుండా కునుకు తీస్తున్నారు. యూరప్‌లో శాంతి అనేది ఎప్పుడైనా కంటికి కనిపించిందంటే ఆ గదిలోనే కనిపించింది. దాన్ని చూడగలిగినవాడు ఆయనొక్కడే.

సాలోమన్ 1886లో బెర్లిన్‌లో, బాగా కలిగిన యూదు బ్యాంకర్ల ఇంట్లో పుట్టాడు. జంతుశాస్త్రం చదివాడు, ఇంజనీరింగ్ చదివాడు, చివరికి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. యుద్ధంలో జర్మన్ సైనికుడిగా వెళ్లి, మొదటి ఏడాదే ఫ్రెంచివాళ్లకు చిక్కి, నాలుగేళ్లు బందీగా ఉన్నాడు. అక్కడ దుబాసీ పని చేశాడు. తర్వాతి రోజుల్లో ఫ్రెంచి మంత్రుల విందుల్లో ఆయన నోటినుంచి తడుముకోకుండా వచ్చిన ఫ్రెంచి, ఆ చెరలో పదును తేరిన భాషే. తిరిగొచ్చేసరికి ఇంటి ఆస్తి కరగడం మొదలైంది. మిగిలినదాన్ని 1923 నాటి ద్రవ్యోల్బణం ఊడ్చేసింది. కార్లు అద్దెకు తిప్పాడు. సైడ్‌కారు ఉన్న మోటారు సైకిలు మీద మనుషుల్ని ఎక్కించుకుని, దారిలో వాళ్లకు న్యాయ సలహాలు చెప్పాడు. 1925లో ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో ప్రకటనల విభాగంలో ఉద్యోగం దొరికింది.

కెమెరా ఆయన చేతికొచ్చేసరికి నలభై దాటాయి.

అది ఎర్మానాక్స్. చిన్న పెట్టె, దానికి ముందు పెట్టెకంటే పెద్దదిగా కనిపించే లెన్సు. ఎఫ్ 1.8 అంటే ఆ రోజుల్లో వెలుతురును ఒడిసిపట్టడంలో దానికి సాటి లేదు. అప్పటిదాకా గదిలో ఫొటో తీయాలంటే మెగ్నీషియం పొడి మండించాలి. భగ్గుమని మెరుపు, గదినిండా పొగ, అందరూ బిగుసుకుపోయిన మొహాలు. ఎర్మానాక్స్‌కు షాండ్లియర్ దీపాల వెలుగు సరిపోయేది. కానీ అది చేతిలో తేలిగ్గా ఒదిగే వస్తువు కాదు. లోపల ఫిల్ము రీలు ఉండదు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు గల గాజు పలకల్ని ఒక్కొక్కటిగా ఎక్కించాలి, ఒక్కో పలకకు ఒక్కటే ఫొటో. ట్రైపాడ్ మీద నిలిపి, ఎదుటి మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క క్షణం ఆగే దాకా కాచుకుని, ఆ ఆగిన క్షణంలో నొక్కాలి. మనుషుల మాటలో విరామం ఎక్కడ వస్తుందో చెవికి తెలిసినవాడే ఆ కెమెరాతో బతకగలడు. లాయరు చదువు, దుబాసీ పని ఆయన చెవిని అలా తయారుచేశాయి.

1928 ఫిబ్రవరిలో బెర్లిన్‌ను ఊపేసిన ఒక హత్యకేసు విచారణ జరిగింది. కోర్టులో ఫొటోలు నిషిద్ధం. సాలోమన్ తన గుండ్రటి నల్లటోపీకి కన్నం చేసి, అందులో కెమెరా దాచి తీశాడు. చివరి రోజున కోర్టు జవాను పసిగట్టి పలకలు ఇవ్వమంటే, ఫొటో తీయని ఖాళీ పలకలు చేతిలో పెట్టాడని చెప్పుకుంటారు. ఆ ఫొటోలు దాదాపు 20 లక్షల ప్రతులు అమ్ముడయ్యే వారపత్రికలో వచ్చాయి. ఆయన ఉద్యోగం వదిలేశాడు.

అలా వదలడం అంటే ఏమిటో ఈ పని చేసినవాళ్లకు తెలుసు. రైలు టికెట్టు, హోటలు గది, గాజు పలకలు, అన్నీ సొంత డబ్బు. ఫొటో పడితే అమ్ముకోవాలి, పడకపోతే ఆ ఖర్చు తనదే. గుమ్మం దగ్గర ఆపితే, వెనక్కి తిరిగి ఫలానా సంస్థ పంపిందని చెప్పడానికి లేదు. సాలోమన్ పెట్టుబడి అంతా ఒంటిమీదా నోటిలోనూ ఉంది. విందుకు తగ్గ నల్లకోటు, మూడు భాషలు, పేరుకు ముందు డాక్టర్ అనే మాట, తలవంచి పలకరించే పద్ధతి. ద్వారపాలకులు ఆయన్ని ఎవరో రాయబారి అనుకుని దారి ఇచ్చేవారు. లోపలివాళ్లు మొదట సహించారు, తర్వాత ఆయన లేకపోతే వెలితిగా ఉందన్నారు.

1928 ఆగస్టు 27న పారిస్‌లో యుద్ధాన్నే నిషేధిస్తూ పదిహేను దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పోలండ్ ప్రతినిధి కోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంటే సాలోమన్ వెళ్లి అందులో కూర్చుని పని కానిచ్చాడంటారు. ఆ పదిహేనింటిలో మన దేశం పేరు కూడా ఉంది. సంతకం చేసింది భారతీయుడు కాదు, లార్డ్ కషెండన్ అనే బ్రిటిష్ ప్రభువు. ముప్పై కోట్ల మందికి దక్కని కుర్చీ ఒక ఫొటోగ్రాఫర్‌కు దక్కింది.

ఫ్రెంచి విదేశాంగ మంత్రి అరిస్టీడ్ బ్రియాఁకు ఆయనంటే ముచ్చట. 1931లో పారిస్ విందులో సాలోమన్‌ను కనిపెట్టి, వేలు చూపించి, అదిగో వచ్చాడు గుట్టు రట్టు చేసే రాజు అని నవ్వాడు. ఆ వేలు, ఆ నవ్వు ఫొటోలో అలాగే ఉన్నాయి. లండన్ పత్రిక 'గ్రాఫిక్' ఆయన ఫొటోలకు పెట్టిన 'క్యాండిడ్ కెమెరా' అన్న పేరు లోకమంతా వాడుకలోకి వచ్చింది. ఐన్‌స్టైన్, బ్రిటిష్ ప్రధాని మాక్‌డొనాల్డ్ ఒక సాయంత్రం బెర్లిన్‌లో మాటల్లో మునిగి ఉండటం మనం చూడగలుగుతున్నామంటే ఆయన చలవే. 1931లో ఆయన ఫొటోల పుస్తకం వచ్చింది. 1932లో అమెరికాలో, చేయి విరిగినట్టు కట్టు కట్టుకుని, ఆ కట్టులో కెమెరా పెట్టి, సుప్రీంకోర్టు కొలువుదీరి ఉండగా ఫొటో తీశాడు. ఆ కోర్టు ఈనాటికీ విచారణ వేళ కెమెరాను లోపలికి రానివ్వదు.

ఇంత వెలుగూ అయిదేళ్లు. అంతే.

ఆయనకు తలుపులు తెరిచిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 1929 అక్టోబరులో జర్మన్ విదేశాంగ మంత్రి స్ట్రెసెమాన్ చనిపోయాడు. 1932 మార్చిలో బ్రియాఁ పోయాడు. అదే ఏడాది మే నెలలో జర్మన్ ఛాన్సలర్ బ్రూనింగ్‌ను దించేశారు. ఎవరి గుమ్మంలో నిలబడి సాలోమన్ తలవంచి పలకరించాడో ఆ గుమ్మాల్లో కొత్తవాళ్లు వచ్చి నిలబడ్డారు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ అక్టోబరులో వచ్చిన పత్రికా చట్టం యూదుల్ని సంపాదకత్వం నుంచి, వార్తా ఫొటోగ్రఫీ నుంచి కూడా వెళ్లగొట్టింది.

అప్పుడు జర్మనీలో రాజకీయ ఫొటో అంటే హైన్రిష్ హాఫ్‌మన్ తీసిందే. ఆయన హిట్లర్ సొంత ఫొటోగ్రాఫర్. ఉపన్యాసంలో చేతులు ఎలా ఎత్తాలో హిట్లర్ ఆయన కెమెరా ముందు సాధన చేసి, ప్రింట్లు చూసి దిద్దుకునేవాడు. నచ్చనివి బయటికి రావు. హాఫ్‌మన్ కోటీశ్వరుడయ్యాడు. నాయకుడు తనను ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఎలా ఉంటాడో జనానికి తెలియాలి అన్నది సాలోమన్ వృత్తి. ఆ వృత్తికే అక్కడ చోటు లేకుండా పోయింది. మనిషి యూదుడు కాకపోయినా ఆ కెమెరాను బతకనిచ్చేవారు కాదని నా నమ్మకం.

ఆయన భార్య మాగీది నెదర్లాండ్స్. కుటుంబం హేగ్ చేరింది. మంత్రులు నిద్రపోయిన రాత్రి మెలకువగా కూర్చున్న ఊళ్లోనే ఇల్లు వెతుక్కున్నాడు. డచ్ పార్లమెంటును, సంగీత కచేరీలను ఫొటోలు తీసి పత్రికలకు అమ్మాడు. పని ఆగలేదు, పరిధి చిన్నదైంది. పెద్దకొడుకు ఒట్టో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. అమెరికా నుంచి 'లైఫ్' పత్రిక రమ్మంది. ఆయన వాయిదా వేస్తూ వచ్చాడు.

ఎందుకు వెళ్లలేదని తప్పుపట్టడం ఇవాళ చాలా తేలిక. యాభై దాటిన ఒంటరి ఫొటోగ్రాఫర్‌కు ఇంకో ఖండంలో మళ్లీ మొదటినుంచి మొహాలు పరిచయం చేసుకోవడం ఎంత కష్టమో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైగా నెదర్లాండ్స్ మొదటి యుద్ధంలో తటస్థంగా ఉండి బయటపడిన దేశం. ఈసారీ బయటపడుతుందని నమ్మినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

1940 మే 10న జర్మన్ సైన్యం వచ్చిపడింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. 1942 మే నుంచి యూదులు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. పెద్దమనుషుల మధ్య కలిసిపోయి ఎవరి కంటా పడకుండా ఉండటమే విద్యగా బతికినవాడి ఛాతీ మీద, వీధిలో ప్రతివాడూ గుర్తుపట్టాల్సిన ముద్ర వేశారు. భార్యతో, చిన్నకొడుకు డిర్క్‌తో అజ్ఞాతంలోకి వెళ్లాడు. ఇంట్లో గ్యాస్ వాడకం పెరిగిందని మీటరు చూడటానికి వచ్చినవాడు పట్టించాడంటారు. ఎవరు పట్టించినా దారి ఒకటే. ముందు వెస్టర్‌బోర్క్ శిబిరం, ఆ తర్వాత నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన టెరెజిన్ పట్టణంలో దాదాపు 5 నెలలు.

1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు టెరెజిన్ చూడటానికి వస్తారని నాజీలకు తెలుసు. ఊరికి రంగులు వేయించారు. పూలమొక్కలు నాటించారు. దుకాణాల్లా, కాఫీ హోటల్లా ముస్తాబు చేశారు. యూదులు ఇక్కడ హాయిగా ఉన్నారని చూపించాలి కదా. కిక్కిరిసిన జనం కనిపించకూడదని మే నెలలో మూడు రైళ్లలో 7,503 మందిని ఆష్విట్జ్‌కు తరలించారు. సాలోమన్‌ను అక్కడికి పంపింది ఆ నెలలోనే. చెక్కు చెదరని అబద్ధపు దృశ్యం ఒకటి సిద్ధం చేయడానికి, జీవితమంతా అలంకరించని మొహాల కోసం కాచుకున్న మనిషిని అడ్డు తొలగించారు. ఈ ఒక్క సంగతి దగ్గర నాకు ఎప్పుడూ మాట ఆగిపోతుంది.

ఆష్విట్జ్‌లో ఆయన్ని ఉంచిన కుటుంబ శిబిరాన్ని జూలై 10, 12 తేదీల మధ్య, అందులో మిగిలినవాళ్లను చంపి, మూసేశారు. సాలోమన్ మరణ తేదీగా నమోదైంది 1944 జూలై 7. వయసు 58. మాగీ, డిర్క్ కూడా తిరిగి రాలేదు. నెదర్లాండ్స్ నుంచి తరలించిన సుమారు 1,07,000 మంది యూదుల్లో తిరిగి వచ్చినవాళ్లు సుమారు 5,000 మంది.

ఒట్టో బతికాడు. పీటర్ హంటర్ అని పేరు మార్చుకుని, తండ్రిలాగే ఫొటోగ్రాఫర్ అయ్యాడు. యుద్ధం ముగిశాక మిగిలిన నెగటివ్‌లను వెతికి కూడబెట్టి, తండ్రి పనిని లోకం ముందు పెట్టడంలో దశాబ్దాలు గడిపాడు. ఆ సంగ్రహం ఇప్పుడు బెర్లిన్‌లో, బెర్లినిషే గ్యాలరీలో ఉంది. 1971 నుంచి జర్మన్ ఫొటోగ్రఫీ సంఘం ఫొటో జర్నలిస్టులకు ఇచ్చే బహుమతికి డాక్టర్ ఎరిక్ సాలోమన్ పేరు పెట్టారు.